వాపు

నమూనా నలభై ఒకటి.
కందిబద్దంత కూడా లేని ఉక్కు బిళ్ళ.
నిన్న రాత్రి కల్పాక్కం నుంచి బస్సులో
డబ్బీ ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను.
కిరణం దిగింది పై పొరలోకే,
తలవెంట్రుక మందంలో యాభయ్యోవంతు.
ఆ లోతు కోసమే ఐదు నెలలు.

ఏర్పేడు దాటాక రేకుల షెడ్డు, వెనక మా ల్యాబు.
బయట నలభై నాలుగు డిగ్రీలు.
లోపల కొలిమి
వాక్యూమ్ పట్టనని పొద్దుటినుంచీ మొరాయిస్తోంది.

చెంగల్రాయులు రెండు రోజుల సెలవు ముగించి వచ్చాడు.
చెవి వెనక బొగ్గు గీత ఇంకా పోలేదు.
గంగ జాతరలో తోటి వేషం కట్టాడట,
మనవడి జడుపు తగ్గాలని మొక్కు.
క్యారేజీ షాపులో ముప్పై ఒక్కేళ్ళు
రైలు చక్రాలు తిప్పిన చేతులు
ఇప్పుడు నా బిళ్ళల్ని అద్దంలా అరగదీస్తాయి.

"ఎంత దెబ్బ తగిలిందిమా దీనికి?"

ఒక్కో అణువూ తన చోటు నుంచి
నూరుసార్లు లేచిందన్నాను.

"నూరుసార్లా!
జనరల్ బోగీలో గూడా అంత లేపరే.
తువ్వాలేసి పోగూడదా?"

నవ్వాను గానీ, అడిగింది సరైన ప్రశ్నే.
లేచిన అణువు ఎక్కడో ఇరుక్కుని కూర్చుంటుంది.
ఖాళీ అయిన చోట్లు మాత్రం
ఒకదాన్నొకటి వెతుక్కుంటూ పోయి
గుంపుకట్టి బొక్కవుతాయి.
అందులో హీలియం కాపురం పెడుతుంది.

నిజానికి కొట్టాల్సింది న్యూట్రాన్.
అంత ధాటిగా, అన్నేళ్ళు కొట్టే రియాక్టరు
ఇంకా ఎక్కడా వెలగలేదు.
అందుకే ఇనుప అయాన్లకు
న్యూట్రాన్ వేషం కట్టి తోలతాం.
వేషం వేషమే కదా అని నా దిగులు.
"కట్టినోడికి తెలుస్తాదిలేమా,
లోపలికి ఎవురొచ్చిందీ,"
చెవి వెనక రుద్దుకున్నాడు.

మధ్యాహ్నం సూది గుచ్చి గట్టితనం కొలిచాను.
వెళ్ళేటప్పటికంటే సగం ఎక్కువ!
దెబ్బలు తిని ఉక్కు బలిసిందని
గైడుకు మెసేజి టైపు చేస్తుంటే
భుజం మీంచి చూశాడు.

"రొంత ఆగు.
బ్రేకు పట్టేసి ఎర్రగా కాలిన చక్రం గూడా
ఆరినాక బో గట్టిగా వుంటాది.
ఆ గట్టితనం నమ్మి పంపితే
గూడూరు దాటకుండానే పెచ్చులూడతాది."

సాయంత్రం మైక్రోస్కోపు కింద పెట్టాం.
బూడిదరంగు మైదానంలో
పదునైన అంచుల తెల్లటి గుంతలు.
మూడువందల పన్నెండు దాకా లెక్కపెట్టి
మానేశాను.

వాపు.
మోకాళ్ళు పట్టుకుని మా అమ్మమ్మ అనే మాటే
మా పరిశోధన పత్రాల్లోనూ.
వాపు చూసి బలుపనుకోవద్దని
మొదట ఎవరన్నారో గానీ,
ఆ మనిషికి ఉక్కు తెలుసు.

టైపు చేసింది ఒక్కో అక్షరమే చెరిపాను.
అతను టీ తేవడానికి పోయాడు,
టీ వేళ కాకపోయినా.

నలభై రెండో నమూనాకి
ఇట్రియా కలిపి నలభై గంటలు మిల్లులో దంచాం.
కంటికి ఆనని రవ్వలు ఉక్కంతటా.
లేచినవీ, ఖాళీలూ
ఆ రవ్వల పక్కన కలుసుకుని
సద్దుమణుగుతాయని ఆశ.

"అదేనా తువ్వాలు?"

ఏమో. అదే కావచ్చు.

"ఎన్నేండ్లు నిలవాలది?"

నేను రిటైరయ్యే దాకా అన్నాను.
లెక్క వేసుకున్నట్టు కాసేపు పైకి చూశాడు.
చక్రం చేసిన ప్రతిసారీ అంచు మీద
తారీఖు, తన గుర్తు కొట్టేవాడట.
బిళ్ళ మీద చోటు లేదు.
డబ్బీ మూత తిప్పి, గీటుసూదితో
42 అని, కింద చె.రా. అని గీశాడు.
'రా' దీర్ఘం వంకరపోయింది.

అప్పుడు వెనక పంపు కూత మారింది.
ముల్లు దిగుతోంది.
"పట్టిందిమా, బిరీన రా!"
గ్లాసు కింద పెట్టి పరిగెత్తాను,
టీ సగం అలాగే ఉంది.